పోలు పట్టుకున్న మనిషి

పోయిన నెల ఒక రిసార్టు వాళ్ళు ఎడారిలో చుక్కలు చూపిస్తామంటే వెళ్ళాను. ఇసుక మీద తివాచీలు పరిచారు, ఆనుకోవడానికి దిండ్లు వేశారు, ఖర్జూరాలు పెట్టారు. గైడుగా వచ్చిన అమ్మాయి జేబులోంచి లేజరు తీసి ఆకాశంలోకి ఒక ఆకుపచ్చ గీత గీసింది. గీత కొసన చుక్క. అందరూ ఆహా అన్నారు. నేనూ అన్నాను. అంటూండగానే నా కుడిచెయ్యి దానంతటదే పక్కకి చాచుకుని, అరచెయ్యి కిందకి తిప్పుకుని, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఎడమవైపుకి జరగడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్నాయన నాకేదో అయిందనుకుని మంచినీళ్ళ సీసా మూత తీసి చేతిలో పెట్టాడు.

నాకేం కాలేదు. ఆ చెయ్యి అలా జరిపితే "కొంచెం ఎడమకి, ఇంకొంచెం" అని అర్థం. అది నాకు నేర్పిన మనిషికి లేజరు లేదు. చాలాకాలం మాట కూడా లేదు.

నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పేదాన్ని సగానికి తగ్గించుకుని వింటారు. ఈయన విషయంలో ఆ శ్రమ పడక్కర్లేదు. ఎక్కడెక్కడ కలిపానో నేనే ఒప్పుకుంటాను.

ప్రపంచ కప్పు కోసం ఖతర్‌ని తవ్విపోస్తున్న రోజులవి. పొద్దున్న అల్ హిలాల్‌లో మా ఇంటి నుంచి వెస్ట్ బేలో ఆఫీసుకి ఏ దారిన వెళ్ళానో, సాయంత్రానికి ఆ దారి ఉండేది కాదు. దాని స్థానంలో ఒక గొయ్యి, గొయ్యి పక్కన బాణం గుర్తు బోర్డు. ఒకసారి ఆ బాణాల వెంట పోయి పోయి సౌదీ సరిహద్దు దగ్గర తేలాను, అక్కడ టీ తాగి వెనక్కి వచ్చాను. ఇది కలిపిందే. టీ తాగలేదు.

అప్పట్లో మా తెలుగు కుటుంబాలు ఒక పాతికమందిమి చలికాలంలో నెలకో శుక్రవారం మినీబస్సు మాట్లాడుకుని ఊరు దాటేవాళ్ళం. మధ్యాహ్నం అల్ ఖోర్ అవతల మడ అడవుల దగ్గర కొంగల్ని చూడటం, సాయంత్రం ఇంకా లోపలికి, ఎడారిలోకి వెళ్ళి నడవడం, చీకటి పడగానే టెలిస్కోపు పెట్టి చుక్కలు చూడటం, తొమ్మిదింటికల్లా ఇళ్ళకి చేరడం. ఈ కార్యక్రమానికి నేను గైడుని. నాకేదో తెలుసని కాదు. ఊపిరి తీసుకోకుండా మాట్లాడగలిగేది మాలో నేనొక్కడినే. ఇక్కడి ఎడారిలో దబ్ అని ఒక ఉడుము ఉంటుంది, మూరెడు పొడుగు. దాని తోక పట్టుకుని నేను అర కిలోమీటరు ఇసుక మీద జారానని ప్రతి ఏడూ కొత్తగా వచ్చిన కుటుంబాలకి చెప్పేవాణ్ణి. పాతవాళ్ళు దూరాన్ని సరిదిద్దేవాళ్ళు.

అందరికన్నా ఎక్కువ సరిదిద్దింది ఒక లెక్కల టీచరు. విజయవాడావిడ, దోహాలో బడిలో పనిచేసేది. నన్ను గురువుగారూ అని పిలిచేది. ఆ పిలుపులో గౌరవం ఏ పాళ్ళలో ఉందో, వెటకారం ఏ పాళ్ళలో ఉందో నేను ఇప్పటిదాకా తేల్చుకోలేదు.

ఆ మనిషిని నేను మొదట చూసింది ఎడారిలో కాదు, ఒక స్టేడియం సైటులో. ఆఫీసు కాగితాల పని మీద వెళ్ళాను. ఇంకా గోడలు లేవలేదు. దుమ్ములో దూరంగా ఒక మనిషి, చేతిలో నిటారుగా ఒక కర్ర, కర్ర కొసన మెరుస్తున్న అద్దపు ముక్క. ఇవతల మూడు కాళ్ళ మీద కొలత యంత్రం, దాన్లోంచి చూస్తున్న సర్వేయరు. ఆ అద్దం ఎక్కడుంటే అక్కడికి దూరం, ఎత్తు ఈ యంత్రం చెబుతుంది. కర్రని ప్రిజం పోలు అంటారు. దాన్ని పట్టుకున్నవాణ్ణి హెల్పర్ అంటారు. పోలు వేలెడు పక్కకి వాలినా కొలత తప్పుతుంది కనక ఆ మనిషి కదలకూడదు. ఆయన కదల్లేదు. ఎంత కదల్లేదంటే ఒక పిట్ట వచ్చి పోలు మీద వాలింది. నేను ఇంటికెళ్ళి పిట్ట గూడు కట్టిందని చెప్పాను. మరుసటి వారం గుడ్లు పెట్టిందన్నాను. వాలిన మాట మాత్రం నిజం. వాలిన పిట్టకి కింద ఉన్నది మనిషని చాలాసేపు తెలియలేదన్నదీ నిజం.

ఇద్దరి మధ్యా మాట వినపడేంత దగ్గర కాదు. సర్వేయరు చెయ్యి చాచి జరిపితే ఆయన పోలుతో జరిగేవాడు. వేగంగా జరిపితే రెండడుగులు, నెమ్మదిగా జరిపితే వేలెడు. రెండు చేతులూ చాచి పైకీ కిందకీ ఆడిస్తే సరిగ్గా ఉందని. అప్పుడాయన వంగి మేకు కొట్టి, లేచి, అదే సైగ తిరిగి చేసేవాడు. ఒక పూటలో నేను ఆయన నోటి నుంచి ఒక్క శబ్దం వినలేదు. హెల్మెట్ మీద బాల్‌పెన్నుతో తెలుగులో "జగిత్యాల" అని రాసి ఉంది. దగ్గరికెళ్ళి, జగిత్యాలా అన్నా అని అడిగాను. తల ఊపాడు. ఎన్నేళ్ళయిందన్నాను. పది వేళ్ళు చూపించి, మూసి, ఒక వేలు చూపించాడు.

మా టెలిస్కోపుకీ మూడు కాళ్ళే. ఇసుకలో పెట్టిన ప్రతిసారీ ఒక కాలు దిగబడేది, చందమామ కోసం చూస్తే ఎవరి బూటో కనిపించేది. అందుకని ఆయన్ని పిలిచాను. ఆయన క్యాంపు అల్ ఖోర్‌లో, మేం వెళ్ళే దారిలోనే. శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర ఎక్కాడు, ఉతికిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలో మూడు పెయింటు డబ్బా మూతలు. వాటిని ఇసుక మీద బోర్లించి, ఒక్కోదాన్ని మడమతో తొక్కి, ఒక్కోదాని మీద ఒక్కో కాలు నిలబెట్టాడు. ఆ తర్వాత టెలిస్కోపు ఎవరు తన్నినా కదల్లేదు. మా టీచరమ్మ ఆ మూతలకేసి చూసి, గురువుగారూ, మూడేళ్ళ నుంచి మీరు దీనికి కారణం భూమ్మీద అయస్కాంత శక్తి అని చెబుతున్నారు అంది.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. పనిలో అంకె ఒకరు చెబితే రెండోవారు తిరిగి చెప్పి తీరాలి, తప్పు పోకుండా. అది ఆయనకి ఒంటికి అంటుకుపోయింది. ఆరింటికి బస్సు అంటే "ఆరింటికి" అనేవాడు. ఇంకో గ్లాసు టీ అంటే "ఇంకో గ్లాసు" అనేవాడు. నెలరోజుల పాటు మా వాళ్ళు ఆయన నోటి నుంచి విన్నవి తాము అన్న మాటల చివరి ముక్కలే.

రెండోసారి వచ్చినప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని సొంత మాటలు నాలుగు చెప్పాడు. వాళ్ళ కంపెనీలో హెల్పర్లకి పరీక్ష పెడతారు. రాతపరీక్ష కాదు, ముగ్గురు పెద్దవాళ్ళ ముందు కూర్చుని అడిగినదానికి చెప్పాలి. నెగ్గితే సర్వేయరు. స్టేడియం పని ఇంకో ఏడాదిలో అయిపోతుంది, అయిపోగానే సర్వేయర్లని రాస్ లఫాన్‌లో కొత్త ప్రాజెక్టుకి పంపుతారు, హెల్పర్లని ఇంటికి పంపుతారు. ఫిబ్రవరి ఆఖర్లో పరీక్ష. అదే చివరిది.

"ఇంతకు ముందు వెళ్ళలేదా అన్నా?"

"రెండుమాట్ల పిలిచిండ్రు సార్. పోయి కూసున్న. అడిగినయన్ని నాకెర్కే. నోరు లేవలే." కాసేపు కిటికీలోంచి చూసి మళ్ళీ అన్నాడు. "నాకు మాట రాదు. పోలు పట్టుడే వస్తది."

మాట రాదన్నవాణ్ణి నేను వదులుతానా? ఆ బాధ్యత నాది అన్నాను. ప్రతి నెలా మా పాతికమంది ముందు నిలబడి ఏదో ఒకదాని గురించి మాట్లాడాలి, ఫిబ్రవరికల్లా నాలాగా తయారవుతావన్నాను. వెనక సీట్లోంచి టీచరమ్మ, పాపం ఆయన పరీక్ష నెగ్గాలండీ అంది.

డిసెంబర్లో ఒక సిద్రా చెట్టు అప్పగించాం. అది మన రేగు జాతిదే, కాయలు కూడా ఆ వగరే. ఆయన చెట్టు ముందు నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు, రెండు అరచేతులూ చంకల్లో దాచుకుని, బిగించి. ఒకసారి చెట్టునీ, ఒకసారి మమ్మల్నీ చూశాడు. "ఇది రేగుచెట్టు" అన్నాడు. వచ్చి కూర్చున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన చెమట తుడుచుకున్నాడు, డిసెంబర్లో.

జనవరిలో ఆయనకి బాగా తెలిసిన వస్తువే ఇద్దామని పెయింటు మూతల గురించి చెప్పమన్నాం. మళ్ళీ అదే నిలబడటం, అదే చేతులు కట్టుకోవడం. "మూతలు" అన్నాడు. అది కిందటి నెల కన్నా తక్కువ.

నేను నా విద్యలోని రహస్యం చెప్పాను. అన్నా, నిజం చెప్పడం కష్టం, కొంచెం అబద్ధం కలుపు, నాలుక దానంతటదే కదులుతుంది. ఈసారి వచ్చేటప్పుడు ఒక్క అబద్ధం తయారు చేసుకుని రా. ఫిబ్రవరి శుక్రవారం బస్సెక్కగానే అడిగాను. ఆయన నిజాయితీగా బాధపడుతూ, మూడు వారాలు ఆలోచించినా ఒక్కటి కూడా దొరకలేదన్నాడు.

ఆ సాయంత్రమే నా పరువు పోయింది.

ఎడారిలో దిగేసరికి పడమటన ఎరుపు ఇంకా ఆరలేదు. ఆరున్నర దాటాక చుక్కలు తేలాయి. నెల పొడిచి ఐదారు రోజులు, మనిషి మనిషికి కనిపించేంత వెన్నెల. ఆ రోజు నా కార్యక్రమంలో ముఖ్యాంశం సుహేల్. ఇక్కడివాళ్ళకి అదంటే ప్రాణం. ఎండాకాలం చివర తెల్లవారుజామున అది మొదటిసారి కనపడిందంటే వేడి విరుగుతుందని లెక్క. మనకది అగస్త్యుడు. చలికాలం సాయంత్రాల్లో దక్షిణాన, నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. నేను దిబ్బ ఎక్కి దక్షిణానికి తిరిగాను. ఆకాశం అంచున ఒంటరిగా, ఎర్రగా, నిలకడగా వెలుగుతోంది.

అదుగో అన్నాను. ఎర్రగా ఉందేమిటని ఎవరో అడిగారు. నేలకి దగ్గరగా ఉన్న చుక్క దుమ్ములోంచి కనపడుతుంది కదా, అందుకని ఎరుపు అన్నాను. ఆ మాటలో శాస్త్రం ఉంది కూడా. ఇక నాకు ఆపు లేదు. అగస్త్యుడు వింధ్య పర్వతాన్ని వంచడం, సముద్రాన్ని గుక్కలో తాగేయడం, అలా తాగుతూ తాగుతూ ఈ గల్ఫు దాకా వచ్చి, ఉప్పు మరీ ఎక్కువని ఉమ్మేయడం, అందుకే ఇక్కడి సముద్రం ఇంత లోతు తక్కువ కావడం, అన్నీ వివరించాను. పది నిమిషాలు పట్టింది. మంచి పది నిమిషాలు.

అప్పుడు టీచరమ్మ, గురువుగారూ, నక్షత్రం పక్కకి జరిగింది అంది.

భూమి తిరుగుతోంది కదమ్మా అన్నాను.

"ఇటు నుంచి అటు వెళ్ళింది, ఒప్పుకుంటాను. అటు నుంచి మళ్ళీ ఇటొచ్చింది. భూమి వెనక్కి కూడా తిరుగుతుందాండీ?"

పాతికమందీ నా సమాధానం కోసం చూస్తున్నారు. ఆయన గుంపులోంచి లేచి దిబ్బ ఎక్కి, నా పరువు కాపాడటానికి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గొణిగాడు. వినగానే నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒక ఆలోచన కూడా వచ్చింది. అన్నా, నాకు కాదు, వాళ్ళకి చెప్పు అన్నాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి పట్టుకున్నాడు. నేను దిబ్బ దిగి వచ్చి అందరితో పాటు కూర్చున్నాను.

"గది చుక్క గాదు," అన్నాడు ఆయన. ఆగాడు. "క్రేను. మా స్టేడియం క్రేను, నాలుగో నంబరుది. దాని కొమ్ము మీద లైటు. దాని కాళ్ళు పాతేటప్పుడు పోలు పట్టింది నేనే."

మా వాళ్ళు నవ్విన నవ్వుకి మడ అడవిలో కొంగలు లేచాయి. ఇది కలిపిందే, మడ అడవి అప్పటికి చాలా వెనక ఉండిపోయింది. నవ్వు తగ్గేసరికి ఆయన చేతులు కట్టుకోబోతున్నాడు. చేతిలో మాత్రం ఎరుపు తెలుపు పట్టీల రాడ్లు రెండున్నాయి, సైటులో వరస చూసుకునేవి, టెలిస్కోపుని గురి పెట్టడానికని ఆ రోజు తెచ్చాడు. చేతులు కట్టుకోవడానికి అవి అడ్డం వచ్చాయి. ఒక రాడ్డు టీచరమ్మకి ఇచ్చి ఇసుకలో నిలబెట్టి పట్టుకోమన్నాడు. రెండోది తీసుకుని ముప్ఫై అడుగులు దక్షిణంగా నడిచి, ఒకసారి ఆకాశం అంచుకేసి చూసుకుని, వెనక్కి తిరిగి, చెయ్యి చాచాడు. నెమ్మదిగా ఎడమకి. ఇంకా ఎడమకి. ఆవిడ రాడ్డుతో జరిగింది. చెయ్యి జరుపుతూ ఆయన మాట్లాడుతున్నాడు. తను మాట్లాడుతున్నట్టు ఆయనకి తెలియదు.

ఎర్రది చూడకుండ్రి అంటున్నాడు. సుహేల్ తెల్లగుంటది. పైన గొల్లకావడి ఉంది, మూడు చుక్కలు, దాని కింద ఎడమకి పెద్ద చుక్క, దాని నుంచి ఇంకా కిందికి, జర కుడికి, నేల మీదికి రాండ్రి. ఊళ్ళో రాత్రి కరెంటు ఉండేదనీ, త్రీఫేజు ఎప్పుడొస్తుందో తెలియక బావి దగ్గరే పడుకునేవాడిననీ, మోటారు వెయ్యడానికి, కట్టెయ్యడానికి చుక్కలే గడియారమనీ చెప్పాడు. పిల్లలకోడి, అంటే కృత్తికలు, నెత్తి మీదికొస్తే ఒక మడి, గొల్లకావడి వాలితే ఇంకో మడి. ముసలమ్మ మంచం, అంటే సప్తర్షులు, దాన్ని ఎత్తుకుపోదామని వచ్చిన ముగ్గురు దొంగలు ఇంకా లేవలేదు కానీ లేస్తారు, ఉత్తరం దిక్కున.

ఆయన రెండు చేతులూ పైకీ కిందకీ ఆడించాడు. మేం వరసగా వెళ్ళి టీచరమ్మ రాడ్డు వెనక నుంచి ఆయన రాడ్డు కొసకేసి చూశాం. కొస మీద దీపంలా ఒక తెల్లటి చుక్క కూర్చుని ఉంది.

అప్పుడాయన అన్న మాట నేనెప్పటికీ మర్చిపోను. "మా ఊర్ల గిది ఇంకింత మీదికుంటది. ఈడ నాలుగు వేళ్ళు కిందికి దిగింది. పదకొండేండ్ల సంది చూస్తున్న, ఎందుకో సమజ్ గాలే."

టీచరమ్మ తన నాలుగు వేళ్ళు చుక్కకి అడ్డంగా పెట్టి చూసుకుంది. ఖతర్ జగిత్యాల కన్నా ఉత్తరాన ఉంది కనక దక్షిణపు చుక్క కిందకి దిగుతుందనీ, ఎంత ఉత్తరాన ఉందో ఆయన నాలుగు వేళ్ళతో కొలిచేశాడనీ, ఆ లెక్క నేర్పడానికి తనకి పదో తరగతిలో రెండు వారాలు పడుతుందనీ మాకు చెప్పింది. ఆయనకేసి తిరిగి ఒక్క ప్రశ్న అడిగింది. "తమ్ముడూ, ఆ ముగ్గురి ముందు ఎలా కూర్చున్నావు?"

ఆయన చూపించాడు. వెన్ను నిటారుగా, చేతులు కట్టుకుని, బిగించి.

"విప్పు" అంది.

ఆయనకి అర్థం కాలేదు. పెద్దవాళ్ళ ముందు చేతులాడిస్తే మర్యాద లేని బద్తమీజ్ అంటారన్నాడు. బళ్ళో పంతులు కట్టుకోమన్నప్పటి నుంచీ కట్టుకుంటూనే ఉన్నానన్నాడు. టీచరమ్మ గొంతు తగ్గించింది. "ఆ పంతులు తరఫున నేను చెబుతున్నాను. నీకు మాట చేతుల్లో ఉంది. చేతులు విప్పితే అదే వస్తుంది."

తిరుగు ప్రయాణంలో ఆవిడ ప్రశ్నలడుగుతూనే ఉంది, ఆయన చేతులు విప్పి చెబుతూనే ఉన్నాడు. చెయ్యి రెండుసార్లు నా ముక్కుకి తగిలింది. కోపం రాలేదు. పరీక్ష ఇంకా మూడు వారాలుంది.

ఈ మధ్యలో ఏమైందో మాకు తెలియలేదు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేసేవాడు. మార్చి మొదటి శుక్రవారం క్యాంపు గేటు దగ్గర బస్సు ఆగింది. ఆయన ఎక్కాడు. పాసా, ఫెయిలా అని అందరం ఒక్కసారే అడిగాం. ఎదర సీటు వీపు పట్టుకుని, మాకేసి తిరిగి నిలబడి, "ఆగుండ్రి, గాడికే వస్తున్న" అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్న లేవడం దగ్గర మొదలుపెట్టాడు. ఏ చొక్కా, ఎందుకా చొక్కా. మడ అడవులొచ్చాయి, కొంగలొచ్చాయి, ఆయన ఇంకా పరీక్ష గదిలోకి వెళ్ళలేదు. నేను ఒక కొంగ గురించి చెప్పబోతే మా వాళ్ళే నన్ను కూర్చోబెట్టారు. ఎడారిలో దిగి తివాచీ పరిచేసరికి కథలో పరీక్ష పెట్టిన పోర్టా క్యాబిన్ తలుపు తీశాడు. లోపల ముగ్గురు. ఒక ఫిలిప్పీనో, ఒక మలబారీ, అంటే కేరళ ఆయన, మధ్యలో పెద్ద ఇంజనీరు, ఈజిప్టు ఆయన, ఇక్కడ మిస్రీ అంటారు. ముగ్గురి ముందూ చాయ్ గ్లాసులు. పోలు, రాడ్లు బయట పెట్టి రమ్మన్నారు. కూర్చోమన్నారు. చేతులు కట్టుకోలేదు, ఒట్టి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పెద్ద ఇంజనీరు అడిగాడు, పాత గుర్తు కదిలిందో లేదో ఎలా పట్టుకుంటావని. తెలుసు. నోరు లేవలేదు. మలబారీ ఆయన కాగితం మీద ఏదో రాయబోయాడు.

ఇక్కడ ఆపి, ఆయన మా మధ్య నుంచి మూడు టీ గ్లాసులు లాక్కున్నాడు. ఏం చేశాడో చేసి చూపించాడు. లేచి, బల్ల మీద పెద్ద ఇంజనీరు చాయ్ గ్లాసు తీసి ఒక మూల పెట్టాడు, ఇది మనకి తెలిసిన గుర్తు అని. ఫిలిప్పీనో గ్లాసు తీసి ఇంకో మూల పెట్టాడు, ఇదింకోటి. మలబారీ ఆయన గ్లాసు మధ్యలో, యంత్రం ఇక్కడ. కొత్త గుర్తు పెట్టేముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి పాత గుర్తుని చూడాలి, ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం, రెండోదాన్నీ చూడాలి, రెండింటి లెక్కా కలవకపోతే ఏదో ఒకటి కదిలినట్టే. హిందీ కొంత, సైటు ఇంగ్లీషు కొంత, అరబ్బీ రెండు ముక్కలు, మిగతాది చేతులు. మాట వస్తూనే ఉంది. మధ్యలో పెద్ద ఇంజనీరు అలవాటుగా తన గ్లాసు మీద చెయ్యి వేశాడు.

"మత్ ఉఠావో సార్ అన్న. పాయింట్ హిల్ జాయేగా అన్న."

గ్లాసు ఎత్తితే గుర్తు కదిలిపోతుందని. పదకొండేళ్ళుగా హెల్పరుగా ఉన్నవాడు, పెద్ద ఇంజనీరుని తన చాయ్ తననే తాగొద్దన్నాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. చాయ్ చల్లారిపోయేదాకా ముగ్గురిలో ఎవరూ గ్లాసు ముట్టుకోలేదట. మేం కూడా ముట్టుకోలేదు. మా టీలూ చల్లారిపోయాయి.

తర్వాత అన్నాం. తర్వాత ఇంకా ఉందన్నాడు. అడిగిన ప్రతి ప్రశ్నా, చెప్పిన ప్రతి జవాబూ చెప్పాడు. నేను చుక్కలు చూపించాల్సిన టైము ఎప్పుడో దాటిపోయింది. టెలిస్కోపు మూత కూడా తియ్యలేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారి కొట్టకుండా తనే వచ్చి కూర్చుని విన్నాడు, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా. ఇంతకీ ఏమైందని టీచరమ్మ నాలుగుసార్లు అడిగింది. లెక్కల మనిషికి జవాబు చివర్లో రావడం అలవాటే, అయినా అడిగింది. ఇంతసేపు చెబుతున్నాడంటే నెగ్గాడా, ఓడిన బాధలో చెబుతున్నాడా? నేనైతే ఓడినా ఇలాగే చెబుతాను. ఆయన నాలా అయిపోలేదు కదా అని మొదటిసారి భయపడ్డాను.

బస్సు వెనక్కి తిరిగింది. ఆయన చెబుతూనే ఉన్నాడు. అల్ ఖోర్ క్యాంపు గేటు దగ్గర ఆగింది. దిగిపోయాడు. అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ఎవరికీ మళ్ళీ అడిగే ధైర్యం లేదు. డ్రైవరు తలుపు మూస్తుంటే ఆయన చుట్టూ తిరిగొచ్చి నా కిటికీ అద్దం మీద తట్టాడు. జరిపాను.

"ఆఖర్కి నువ్వేమన్న అడుగుతవా అన్నడు సార్ మిస్రీ సారు. అడిగిన. నన్ను సర్వేయరు చేసిండ్రు కదా, మరి రేపటి సంది నా పోలు ఎవరు పడ్తరని." ఊపిరి తీసుకున్నాడు. వెనక టీచరమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "నీ హెల్పర్‌ను నువ్వే ఎంచుకో, ఎవరు గావాలె అన్నడు. ఎవ్వలైన మంచిదే, మాట్లాడనోడు మాత్రం వద్దు సార్, వానితోని శాన కష్టం అన్న."